నగరి ఎండ, హార్సిలీ చలి

ధనుర్మాసంలో కూడా నగరిలో చలి అనేది తెల్లవారుజామున కాసేపే. ఏకాంబరకుప్పం వైపు మగ్గాల చప్పుడు ఊపందుకునేసరికి ఎండ వచ్చేస్తుంది. ఆ కాసేపట్లోనే మా బావ పాత డీజిల్ కారు మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే ఇంజను బరువుగా నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతుంది. మళ్ళీ తిప్పితే పట్టుకుంటుంది. మధ్యాహ్నం మాత్రం ఒక్క తిప్పు చాలు. మదనపల్లెలో పిన్నమ్మ ఇంటికి పోవాలి, దానికి ముందు హార్సిలీ హిల్స్‌లో ఒక రాత్రి ఉండాలని అనుకున్నాం.

"కొండమీద ఇది పలకదేమో బావా" అన్నాను.

"పలక్కపోతే ఎందుకు పలకలేదో అక్కడే తేలిపోతుంది, పా" అన్నాడు.

ఆ మాట నిజం. మెకానిక్ దగ్గరికి మధ్యాహ్నం తీసుకుపోతే, వేడెక్కిన ఇంజను లోపాన్నంతా దాచేస్తుంది. రాత్రంతా కదలకుండా చల్లబడిన బండినే పరీక్షించాలి. బావ మగ్గాల మోటార్లు బాగుచేస్తాడు కాబట్టి మల్టీమీటరు డిక్కీలో ఉండనే ఉంది.

నగరి ముక్కు కొండ పుత్తూరు దారిలో చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. ఒకప్పుడు బంగాళాఖాతంలో వచ్చే ఓడలవాళ్ళకు ఆ కొండకొన తీరానికి గుర్తు. పుత్తూరంటే ఎముకల కట్టు. ఎక్కడెక్కడివాళ్ళో విరిగిన చేతులతో ఈ ఊరు వెతుక్కుంటూ వస్తారు. తిరుపతి పక్కన కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా సంస్థ పుణ్యమా అని బ్యాటరీ మా ప్రాంతానికి కొత్త వస్తువేమీ కాదు. మా కారులో ఉన్నది మాత్రం వేరే కంపెనీది. భాకరాపేట ఘాట్ ఎక్కగానే గాలి మారింది. పీలేరు, వాయల్పాడు, మదనపల్లె, అంగళ్ళు దాటి కొండెక్కేసరికి పొద్దుగూకింది.

హార్సిలీ కొండ ఎత్తు పన్నెండు వందల మీటర్లకు పైనే. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర వేసవి విడిదిగా ఎంచుకోవడంతో ఆ పేరు నిలిచింది గానీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుందంటారు. ఆ లెక్కన నగరికీ ఇక్కడికీ ఏడెనిమిది డిగ్రీల తేడా. నీలగిరి చెట్ల మధ్య కారు ఆపి, రాత్రి దాన్ని ముట్టుకోలేదు.

తెల్లారి అద్దాల మీదంతా మంచు. తాళం సగం తిప్పి, సిలిండర్లను ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గుల దీపం ఆరిపోయేదాకా ఆగి స్టార్టు కొట్టాం. గుర్... గుర్... అంతే. హెడ్‌లైట్లు వేసి మళ్ళీ కొడితే అవి ఎర్రగా మసకబారిపోయాయి.

ఈ చప్పుడు వినడం నేర్చుకుంటే సగం రోగం తెలిసినట్టే. ఇంజను నీరసంగా తిరిగితే లోపం కరెంటుది: బ్యాటరీ, టెర్మినళ్ళు, ఎర్త్ వైరు, లేదా స్టార్టర్ మోటారు. చురుగ్గా తిరుగుతూ అంటుకోకపోతే హీటర్ ప్లగ్గులు పోయాయో, డీజిల్ పైపులోకి గాలి చేరిందో చూడాలి. ఇది చూడకుండానే కొత్త బ్యాటరీ కొని, మర్నాడు మళ్ళీ తోపించుకునేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

బావ మీటరు పెట్టాడు. ఊరికే ఉన్నప్పుడు 12.1 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 చూపించాలి. నేను తాళం తిప్పగానే అది ఎనిమిదికి పడిపోయింది. తొమ్మిదిన్నర కిందికి దిగకూడదు. టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి పొక్కులను వేడినీళ్ళతో కడిగి, బ్యాటరీ మొనకూ బిగించిన క్లాంపుకూ మధ్య కొలిచాడు. అక్కడ నష్టమేమీ లేదు. ఎర్త్ వైరు కూడా బాగానే ఉంది. తప్పు బ్యాటరీదే.

డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ ఉండదు. గాలిని ఇరవయ్యో వంతుకు నొక్కితే పుట్టే ఐదారు వందల డిగ్రీల వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి సిలిండరు గోడలు ఆ వేడిని లాగేస్తాయి. నెమ్మదిగా తిరిగే కొద్దీ లాగేయడానికి ఇంకా సమయం దొరుకుతుంది. చలికి చిక్కబడిన ఆయిల్ ఇంజనును తిరగనివ్వదు. బలహీనపడిన బ్యాటరీ ఇటు మోటారునూ సరిగా తిప్పలేదు, అటు హీటర్ ప్లగ్గులకూ చాలినంత కరెంటు ఇవ్వలేదు.

ఘాట్‌లో న్యూట్రల్‌లో దించి స్టార్టు చేద్దామని పక్కన ఎవరో అన్నారు. వద్దన్నాం. ఇంజను ఆగి ఉంటే బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఆ మలుపుల్లో అది ప్రాణం మీదికి వచ్చే పని. టూరిస్టులను తిప్పే జీపు డ్రైవరు ఒకాయన తన బండి పక్కన పెట్టాడు. ఎర్ర తీగ రెండు బ్యాటరీల ప్లస్‌లకూ కలిపాం. నల్ల తీగ ఒక కొసను జీపు మైనస్‌కూ, రెండో కొసను మా ఇంజను ఇనుముకూ బిగించాం. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గాలి ఉంటుంది, అక్కడ రవ్వ లేవకూడదు. ఈసారి ఇంజను చురుగ్గా తిరిగింది. కానీ చాలాసేపటికి గానీ పట్టలేదు. పట్టాక వణుకుతూ తెల్లటి పొగ కక్కింది. అది కాలకుండా బయటికొచ్చే డీజిల్ ఆవిరి.

"ప్లగ్గులు కూడా పోయుండాయి నా" అన్నాడు జీపాయన.

ఇంజను నడుస్తుండగా మీటరు 14 దగ్గర నిలిచింది. ఛార్జింగ్ సరిగ్గానే ఉందన్నమాట.

మదనపల్లెలో బ్యాటరీ షాపతను ఛార్జింగు పెట్టి, ఆరు మూతలూ విప్పి హైడ్రోమీటరు ముంచాడు. ఐదు గదుల్లో యాసిడ్ సాంద్రత 1.220 దగ్గర ఉంది. ఆరోదానిలో 1.120 దాటలేదు. ఆ గదిలో నీళ్ళు దిగిపోయి ప్లేట్లు బయటపడి ఉన్నాయి.

"ఏ ఊరన్నా మీది?"

"నగరి."

"బండి ఎండలోనే పెడతారా?"

మగ్గాల షెడ్డు పడమటి గోడ పక్కనని చెప్పాను.

"అయితే దీన్ని చంపింది ఈ చలి కాదన్నా. మే నెలలోనే దీని పని అయిపోయింది. బయటపడింది ఇప్పుడు."

ఆ మాట నన్ను చాలాదూరం ఆలోచింపజేసింది. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపలి రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగంతో సాగుతాయి. సీసపు జాలీ అరిగిపోతుంది, నీళ్ళు ఆవిరైపోతాయి. అయినా ఎండాకాలంలో ఆయిల్ పలచగా ఉండి ఇంజను తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి మనకు ఏమీ తెలియదు. మాలాంటి వేడి ఊళ్ళలో కారు చలికాలానికి సిద్ధం కావాలంటే మార్చిలోనే డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి, బండికి నీడ వెతకాలి. చలికి బండి కదలడం లేదని డిసెంబరులో వాపోయేవాళ్ళందరికీ నేనిప్పుడు వేసవిలో బండి ఎక్కడ పెట్టారనే అడుగుతున్నాను.

బ్యాటరీ మార్చాం. మెకానిక్ షెడ్డులో హీటర్ ప్లగ్గులకు ఓమ్స్ చూస్తే రెండు ఒక ఓమ్ దగ్గర చూపించాయి. మిగతా రెండు తెగిపోయాయి. తెగినవాటి స్థానంలో కొత్తవి వేయించాం. మర్నాడు పిన్నమ్మ ఇంటి ముందు, మంచు కురుస్తున్న వేళ, కారు మొదటి తిప్పుకే అందుకుంది. పొగ క్షణంలో పోయింది.

మిగిలిన రెండూ పోయినవాటి ఈడువే. అవీ మార్పిద్దామన్నాను. బాగున్నదాన్ని పారేయడం దండగని బావ వాదన. పీలేరు దాకా ఇదే మాట. ఆయన ఒప్పుకోలేదు గానీ, నా కారైతే నాలుగూ ఒకేసారి మార్పించి ఉండేవాణ్ణి.