పంది వేటకు ఎక్కడికి పోదాం? టెక్సాస్‌కా, నెక్కొండకా?

నెక్కొండలో పంది వేట ప్యాకేజీ దొరకదు. ముందే చెప్పేస్తున్నా. ఇంటర్నెట్‌లో 'హాగ్ హంట్' అని కొడితే వచ్చేవన్నీ టెక్సాస్ రాంచులు, హెలికాప్టర్లు, చీకట్లో తెల్లగా మెరిసే పందుల థర్మల్ వీడియోలు. అలాగని మన దగ్గర అడవి పందులు లేవా అంటే, మా చిన్నాయనను అడగండి. యాసంగి మక్క చేను కంకి వేసిందంటే ఆయన ఇంట్లో పడుకోడు.

డాలస్‌లో ఉన్న మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఈ మధ్య ఈ టాపిక్ లేచింది. ఒకడు లాంగ్ వీకెండ్‌కు గైడెడ్ హంట్ బుక్ చేద్దామన్నాడు. ఇంకొకడు, "అక్కడ వందల డాలర్లు ఎందుకురా, ఇండియా పోయినప్పుడు మనోని ఊర్లె కొడ్దాం, ఫ్రీగా అయిపోతది" అన్నాడు. ఆ 'మనోడు' నేనే. ఒక నవ్వు ఎమోజీ పెట్టి ఊరుకోవచ్చు. కానీ ఆ ఫ్రీ వెనకాల జైలు ఉంది, కరెంటు తీగ ఉంది. అందుకే కూర్చొని ఇంత రాస్తున్నా.

ముందు ఊరి గురించి. కాజీపేట-విజయవాడ రైల్వే లైన్లో, వరంగల్ దాటి మహబూబాబాద్ వైపు పోతుంటే మధ్యలో వస్తుంది నెక్కొండ. కిటికీ పక్కన కూర్చుంటే పత్తి, మిర్చి, మక్క చేన్లు, మధ్యలో గుట్టలు, వాగు ఒడ్లు, మనిషి దూరలేనంత దట్టంగా పెరిగిన సర్కారు తుమ్మ కనిపిస్తాయి. నర్సంపేట దాటి పోతే పాకాల చెరువు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. దాని చుట్టూ పాకాల అభయారణ్యం. నిజాం జమానాలో ఈ అడవుల్లో షికారు నడిచేది. ఇప్పుడు పందులకు పాకాల దాకా పోయే అవసరమే లేదు. పగలంతా సర్కారు తుమ్మల్లో పడుకుంటాయి, పొద్దుగూకినాక చేన్లలోకి దిగుతాయి.

మక్క కంకి పాలు పట్టే టైమ్ వాటికి ఎట్లా తెలుస్తుందో గానీ, సరిగ్గా అప్పుడే వస్తాయి. తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. కర్రను ఛాతీతో తోసి పడగొట్టి, కంకి సగం కొరికి, పక్క కర్ర మీద పడతాయి. పొద్దున పోయి చూస్తే చేను మధ్యలో ఎవరో రోడ్డు రోలర్ తిప్పినట్టు ఉంటుంది. ఊర్లో మందులన్నీ చూశారు. చేను చుట్టూ పాత చీరలు కట్టారు. కటింగ్ షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లారు. ఖాళీ సీసాలు వేలాడదీశారు. మైకులో కుక్కల అరుపులు పెట్టారు. కొత్తలో అన్నీ పనిచేస్తాయి. కొన్నాళ్లకు పందులకు అలవాటైపోతుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చేను చుట్టూ కుసుమ గానీ ఆముదం గానీ నాలుగు వరసలు వేయమంటారు. కుసుమకు ముళ్లు, ఆముదం పందికి నచ్చదు, పైగా లోపలి పంట వాసన బయటికి రానివ్వదు. నాకు ఇది తెలివైన పద్ధతే అనిపించింది. కానీ ఎకరంన్నర ఉన్న రైతుకు ఆ నాలుగు వరసలు కూడా భూమే కదా.

ఇక దోస్తుల ఫ్రీ ప్లాన్ సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేట అనేదే లేదు. 2022లో చట్టాన్ని సవరించాక అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు నష్టం చేస్తే చంపడానికి దారి ఉంది, కానీ అది అనుమతితోనే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చినవాళ్లు గానీ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. అప్పుడు కూడా తుపాకీ పట్టేది నమోదైన షూటరే. డాలస్ నుంచి వచ్చిన చుట్టం కాదు. అలా చంపిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. కూర వండుకోవడం కుదరదు. అదే పాకాల అభయారణ్యం లోపల వేటాడితే కనీస శిక్షే మూడేళ్లు. వేట వీడియో తీసి రీల్ పెట్టారనుకోండి, సాక్ష్యం మీరే అప్‌లోడ్ చేసినట్టు.

చట్టం కంటే భయపడాల్సింది తీగకు. ఊర్లో ఎవరన్నా "రాత్రికి రా, చూపిస్త" అన్నారంటే, ఆ చూపించేది తుపాకీ కాదు, దాదాపు ఎప్పుడూ కరెంటే. లైను మీద కొక్కెం వేసి, మోకాలి ఎత్తులో బైండింగ్ వైరు లాగుతారు. పందిని, బర్రెను, మనిషిని అది వేరు చేయదు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం దగ్గర అడవిలో గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ జంతువుల కోసం పెట్టిన ఇలాంటి తీగ తగిలే చనిపోయాడు. శిక్షణ ఉన్న కమాండోకే కనబడలేదు. ఫోన్ ఫ్లాష్ వేసుకుని చెప్పుల మీద నడిచే మనకు కనబడుతుందా?

కాబట్టి నెక్కొండలో వేట లేదు. మరి టెక్సాస్?

అక్కడ లెక్కే వేరు, ఎందుకంటే అక్కడి పంది కథే వేరు. మన పంది ఇక్కడిదే. అడవిలో దాని పని దానికుంది, చిరుతకూ పులికీ అదే తిండి. అమెరికాలో మాత్రం పంది బయటి నుంచి వచ్చింది. 1539లో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ దండనాయకుడు ఫ్లోరిడాలో దిగినప్పుడు తిండి కోసం పందుల మందను వెంట తెచ్చుకున్నాడు. ఇలా వచ్చినవాళ్ల దగ్గర, తర్వాత రైతుల దగ్గర తప్పించుకున్న ఊర పందులు అడవిపాలయ్యాయి. 1930ల్లో వేట సరదా కోసం యూరప్ అడవి పందులను తెచ్చి టెక్సాస్‌లో వదిలారు. రెండూ కలిసిపోయాయి. ఇప్పుడు ఒక్క టెక్సాస్‌లోనే 26 లక్షలకు పైగా ఉన్నాయని అంచనా. సంఖ్య పెరగకుండా ఆపాలంటేనే ఏటా మూడింట రెండొంతులు తీసేయాలట. అందుకే అక్కడ సీజన్ లేదు, ఎన్ని కొట్టాలన్న లిమిట్ లేదు. 2011లో డబ్బు కట్టినవాళ్లు హెలికాప్టర్ నుంచి కాల్చడానికి చట్టం చేశారు. 2017లో హాట్ ఎయిర్ బెలూన్ నుంచి కూడా ఓకే అన్నారు. (బెలూన్‌లో పోయి పందిని కొట్టినవాడెవడన్నా ఉంటే వాడి కాళ్లకు దండం.) 2019 సెప్టెంబర్ నుంచి భూమి ఓనరు ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో పంది వేటకు లైసెన్సు కూడా అక్కర్లేదు.

ఇక్కడే మనవాళ్లు జాగ్రత్తగా చదవాలి. లైసెన్సు అక్కర్లేదన్నది టెక్సాస్. హెచ్‌1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడం నిషేధమన్నది ఫెడరల్ చట్టం. దానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, చేతిలో చెల్లే హంటింగ్ లైసెన్సు ఉండటం. అంటే పందికి అక్కర్లేని లైసెన్సు, తుపాకీ పట్టుకోవడానికి మీకు కావాలి! పక్కనున్న అమెరికన్ కొలీగ్ ఖాళీ చేతులతో వచ్చి కాల్చి పోతాడు. మీరు అదే చేస్తే ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాడికి ఆ ఒక్క శనివారం ఎంత ఖరీదవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆరు నెలలు టెక్సాస్‌లో ఉంటే రెసిడెంట్ హంటింగ్ లైసెన్సు 25 డాలర్లు, దానికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కూడా ఓ మాట అడగండి. గైడు 'ఏం కాదు బ్రో' అన్నాడని పోవద్దు.

కాగితాలు సరే, ఏ రాంచ్? నేను దోస్తులకు ఒక్కటే అడగమన్నా: అక్కడ పంది నష్టమా, సరుకా?

చాలా రాంచుల్లో ఫీడర్ ఉంటుంది. స్టాండు మీద పెద్ద డబ్బా, దానికి టైమర్. రోజూ ఒకే టైమ్‌కు గిర్రున తిరిగి గింజలు చల్లుతుంది. పందులు టైమ్‌కు వస్తాయి, డబ్బు కట్టినవాడు మంచె మీద నుంచి కాలుస్తాడు. ఆ చల్లే గింజలేంటో తెలుసా? మక్కలు. ఈ ముచ్చట చిన్నాయనకు ఫోన్లో చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అక్కడ మక్కలు క్వింటాలు ఎంత పల్కుతయి బిడ్డా?"

మందలు ఉంటేనే కస్టమర్లు వస్తారు కాబట్టి, పందులు తగ్గాలని అలాంటి రాంచ్ ఓనరు కోరుకుంటాడని నేను నమ్మను. నేనే కాదు, కొన్ని రాష్ట్రాలూ నమ్మలేదు. కాన్సాస్ 2006లో పందుల సరదా వేటనే నిషేధించింది. మిస్సోరీ కూడా 2016లో తమ కన్జర్వేషన్ శాఖ భూముల్లో ఆపేసింది. ఒక పందిని కొడితే మిగతా మంద చెదిరి పక్క కౌంటీకి పోతుంది, కొత్త చోట పిల్లలు పెడుతుంది. పైగా వేట కోసం పందులను ట్రక్కుల్లో తెచ్చి కొత్త చోట్ల వదిలే ప్రబుద్ధులు కూడా ఉన్నారు. అందుకే ఆ రాష్ట్రాలు మంద మొత్తాన్ని ఒకేసారి బోనులో పట్టడం మీద నడుస్తున్నాయి. బోనుకు కెమెరా ఉంటుంది. ఫోన్లో లైవ్ చూస్తూ, ఆఖరి పిల్ల కూడా లోపలికి వచ్చాక బటన్ నొక్కితే గేటు పడిపోతుంది. మన జాబ్‌కు దగ్గరగా ఉన్న వేట అదే.

కాబట్టి పోవాల్సిందే అంటే, పంట పోయి రైతు తానే పిలిచిన చోటికి పోండి. కోతకు ముందు వేరుశనగ, జొన్న చేన్లు ఉన్న భూమి, చుట్టూ ఎత్తు కంచె లేనిది. కంచె లోపల పందులను పెంచి కొట్టించే చోటు వేట కాదు, కోళ్ల ఫారం. ఏడాది పొడవునా బోన్లు కూడా పెడుతున్నారా అని అడగండి. పందిని కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, బ్రూసెల్లోసిస్ అంటుకుంటుంది. హెలికాప్టర్ మాత్రం నా వల్ల కాదు, అది వీడియో గేమ్‌కు పెట్రోల్ పోసినట్టుంది.

నెక్కొండకు రావాలనుకుంటే తుపాకీ లేకుండా, కావలికి రండి. యాసంగి మక్క పాలు పట్టేది సుమారు జనవరి, ఫిబ్రవరిలో. చలి బాగా ఉంటుంది. రెండు దుప్పట్లు, మంచి టార్చి, మడమ కప్పే బూట్లు తెచ్చుకోండి. వరంగల్ నుంచి రైలు ఉంది, కానీ అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, చూసి ఎక్కండి. మంచె మీద ముగ్గురికి చోటు ఉంటుంది. రాత్రి ఒకటి దాటాక కర్రలు విరుగుతున్న చప్పుడు మొదలవుతుంది, ముందు ఒక మూల, తర్వాత నాలుగు మూలలా. అప్పుడు డబ్బా కొట్టాలి, అరవాలి, లైటు తిప్పాలి. పిల్లలున్న తల్లి పంది ఎదురైతే దారి వదలాలి. ఎంత ఊపొచ్చినా గట్టు దాటి పక్క చేన్లో అడుగు పెట్టొద్దు. పక్క చేను వాళ్లు ఏం కట్టారో చిన్నాయనకు కూడా తెలియదు.