దేవతలను నిలదీసిన పిల్లలు

అరవయ్యేళ్లు దాటిన మనిషి ఒక పన్నెండేళ్ల బాలుడి సాహసగాథలను ఐదు సంపుటాలూ వరుసగా చదివి ఆనందించాడంటే కొందరు మిత్రులు నవ్వుకుంటారు. ఆ నవ్వుకు నేను నొచ్చుకోను. అమెరికన్ రచయిత రిక్ రియోర్డాన్ 2005 నుండి 2009 వరకు వెలువరించిన పెర్సీ జాక్సన్ నవలలు బాలల కోసం రాసినవే. అయినా గ్రీకు పురాణగాథల్లో అనాదిగా సమాధానం లేక మిగిలిన ఒక ప్రశ్నను అవి మళ్లీ లేవనెత్తాయి.

రియోర్డాన్ ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవాడు. చదవడంలో ఇబ్బంది పడే తన కుమారుడికి నిద్రపోయే ముందు గ్రీకు కథలు చెప్పేవాడు. తెలిసిన కథలన్నీ అయిపోయాక, అదే తరహాలో కొత్త కథ కావాలని ఆ బాలుడు కోరాడు. సముద్రాధిపతి పొసైడన్‌కు, ఒక మానవ స్త్రీకి పుట్టిన పెర్సీ కథ అలా రూపుదిద్దుకుంది.

మొదట నన్ను ఆకట్టుకున్నది అందులోని చమత్కారం. దేవతల నివాసమైన ఒలింపస్ ఇప్పుడు న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనంలో ఎవరికీ కనిపించని ఆరువందలవ అంతస్తు. చూపుతోనే మనుషులను శిలలుగా మార్చే మెడూసా న్యూజెర్సీలో బొమ్మల దుకాణం నడుపుతుంది. హోమర్ వర్ణించిన తామరభక్షకుల నేల లాస్ వేగాస్‌లో జూదశాలగా మారింది. అందులో అడుగుపెట్టినవారికి కాలం గడిచినట్లే తెలియదు. 1977లో వచ్చిన ‘యమగోల’ చిత్రంలో యమధర్మరాజు భూలోకానికి దిగివచ్చి పడిన పాట్లకు నవ్వుకున్న తెలుగువారికి ఈ హాస్యం పరాయిది కాదు.

అయితే ఆ చమత్కారం వెనుక ఒక బాలుడి బాధ ఉంది. పుస్తకం తెరిస్తే పెర్సీ కంటికి అక్షరాలు కుదురుగా నిలవవు. ఒకచోట స్థిమితంగా కూర్చోలేడు. ఒక పాఠశాల నుండి మరొక పాఠశాలకు మారుతూ ఉంటాడు. వైద్యులు డిస్లెక్సియా అనీ, అవధానలోపమనీ పేర్కొనే ఈ ఇబ్బందులకు దేవతల సంతానం నివసించే శిబిరంలో మరొక వివరణ దొరుకుతుంది. అతని మనస్సు ప్రాచీన గ్రీకు లిపికి అనువుగా ఏర్పడింది. అతని అస్థిమితం యుద్ధభూమిలో ప్రాణం కాపాడే చురుకుదనం. ఇది వైద్యశాస్త్రం కాదు, కథ. కాని కథ చేయగల పనిని నేను కళ్లారా చూశాను.

మా అమ్మాయి కొడుకుకు పదేళ్లు. తరగతిలో అందరి ఎదుటా ‘మొద్దు’ అనిపించుకున్న పిల్లవాడు. సాయంత్రాలు ఇద్దరమూ ఈ నవలను కలిసి చదివేవాళ్లం. నేను ఒక పేజీ, వాడు ఒక వాక్యం. పై ఘట్టం చదివిన రాత్రి వాడు వాళ్లమ్మ దగ్గరకు వెళ్లి, “అమ్మా, నాకూ అక్షరాలు కదులుతాయే!” అన్నాడు. అంతవరకు ఆ మాట వాడు ఎవరికీ చెప్పలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇటువంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. చట్టం ఇచ్చిన హక్కు అక్కరకు రావాలంటే, ముందుగా పిల్లవాడు తన ఇబ్బందిని బయటకు చెప్పుకోగలగాలి. ఆ ధైర్యాన్ని మా మనవడికి ఒక కల్పిత కథానాయకుడు ఇచ్చాడు.

ఇక అసలు ప్రశ్న. ఆ శిబిరంలో పన్నెండు మంది ప్రధాన దేవతలకూ ఒక్కొక్క గృహం ఉంది. తల్లో తండ్రో తమ బిడ్డగా అంగీకరించని పిల్లలు మాత్రం హెర్మీస్ ఇంట్లో నేలమీద పడుకుంటారు. పట్టించుకోని తండ్రిపై పెరిగిన కసితో హెర్మీస్ కుమారుడు లూక్ దేవతల శత్రువు క్రోనస్ పక్షాన చేరతాడు. పాత గాథలో ఏథెన్స్ రాజు ఈజియస్ ఖడ్గాన్నీ పాదరక్షలనూ బండ కింద దాచి వెళ్లిపోయాడు. ఆ బండను ఎత్తి తాను కొడుకునని నిరూపించుకోవలసిన భారం థీసియస్‌ది. ఈ నవలలు ఆ భారాన్ని తల్లిదండ్రులపైకి మార్చాయి. చివరి సంపుటంలో దేవతలు అమరత్వం ఇస్తామంటే పెర్సీ వద్దంటాడు. దానికి బదులు, పదమూడేళ్లు నిండేలోగా ప్రతి బిడ్డనూ తమవాడిగా అంగీకరించాలనీ, చిన్న దేవతల సంతానానికీ చోటు ఇవ్వాలనీ వారిచేత ప్రమాణం చేయిస్తాడు.

తిక్కన ఉద్యోగపర్వం చదివినవారికి ఇక్కడ కర్ణుడు గుర్తుకు రాక మానడు. యుద్ధం ముంచుకొచ్చాక, తన అవసరం కోసం వచ్చి, కుంతి అతనికి జన్మరహస్యం చెప్పింది. కర్ణుడు అడగదగిన న్యాయం ఇదే కదా అని ఆ పుటల దగ్గర నాకు అనిపించింది. ఈ రెండు లోకాల నడుమ దారి ఇప్పటికే పడింది. రియోర్డాన్ పేరిట నెలకొన్న ప్రచురణ శ్రేణిలో 2018లో రోషని చోక్షి నవల ‘అరు షా’ వెలువడింది. పాండవుల ఆత్మలు అందులో నేటి బాలికలుగా జన్మిస్తాయి.

పురాణాలను పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు భక్తిని, నీతిని బోధించాలని మనం ఆశిస్తాం. ఆ ఆశ తప్పు కాదు. దానితోపాటు, పెద్దలను ప్రశ్నించే చనువును కూడా వారికి ఇవ్వవచ్చునని ఈ నవలలు చూపాయి. దేవతలు సైతం బాలుడి మాటకు తలవంచి ప్రమాణం చేశారంటే, ఆ చనువు వారి గౌరవాన్ని తగ్గించలేదు, పెంచింది.