మూడు క్రోసుల పాలదారి



రేణిగుంట యనగానే మీలో పెక్కుమందికి రైలు మాఱుట జ్ఞప్తికి వచ్చును. మద్రాసు నుండి బొంబాయికి పోవు పెద్దమార్గమును, గూడూరు నుండి తిరుపతి మీదుగా కాట్పాడికి పోవు మార్గమును ఇచ్చట కలిసికొనుచున్నవి. కిటికీలోనుండి శేషాచలపు కొండలను చూచి చేతులు జోడించి, మూటలు దింపుకొని, 10 కిలోమీటర్ల దూరమున నున్న తిరుపతికి వేఱొక బండి యెక్కుటయే యాత్రికులకు ఇచ్చట గల పని. ఇప్పుడు విమానములును ఈ యూరి చెంతనే దిగుచున్నవి గాని, దిగినవారెవ్వరును నిలువరు. రేణిగుంట అందఱును దాటిపోవు నూరు. అట్టి యూరిలో కాపురముండి, ఆ మూడు క్రోసుల దారిని 24 దినములు ఒక చిన్న ఐసుపెట్టెతో తిరిగిన మా యనుభవమును మీకు చెప్పదలచితిమి. ఇది కాశీయాత్ర గాదు, రామేశ్వరయాత్రయు గాదు. ఆ పెట్టెలో నుండినవి మా చంటిబిడ్డకు పాలు.

మా వారు బడిపంతులు. మా మొదటిబిడ్డకు తొమ్మిదేండ్లు. రెండవవాడు గడచిన చైత్రమాసమున, నెలలు నిండక మునుపే, 33వ వారమున తిరుపతిలోని యొక వైద్యశాలలో శస్త్రచికిత్సచే జన్మించెను. తూకము 1,700 గ్రాములు. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట యను మూడు పనులను ఒక్కటిగా కూర్చుకొను నేర్పు శిశువునకు సుమారు 34 వారములు నిండిన పిమ్మట గాని రాదట. అంతవఱకు సన్నని గొట్టముగుండ పాలు పోయుదురు. మమ్ము ఆఱవనాడు ఇంటికి పంపిరి. వాడు మాత్రము గాజుపెట్టెలో నుండిపోయెను. కావున ఇంట పాలు తీసి, సీసాలో పోసి, తిరుపతికి చేర్చుట మా వంతయ్యెను.

తీయుటకు పాలుండవలెను గదా! మొదటిబిడ్డకు చీర తడియునట్లు పొంగిన పాలు, ఈ తడవ రాలేదు. పంపుయంత్రము గుఱ్ఱుమని మ్రోగుచుండును. సీసా యడుగున నాలుగు చుక్కలు నిలుచును. మూడవనాడు పగలంతయు తీసినను 40 మిల్లీలీటర్లు దాటలేదు. బిడ్డకు పూర్తి యాహారము పట్టునాటికి దినమునకు 250కి పైగా కావలయునని వైద్యులు లెక్క చెప్పిరి. సీసామీది గీతలను చూచుట మాకు పరీక్షాపత్రమును చూచుటవలె నుండెడిది. ప్రతి దినమును తప్పుచుంటిమి.

చూడవచ్చినవా రందఱును ఏదో యొకటి చెప్పిరి. అత్తగారు వెల్లుల్లికారము నూఱిరి. మా యమ్మ కాళహస్తి నుండి వచ్చి మునగాకు వండినది. పిల్లపీచర వేరు పొడిని ఒకరు పంపిరి. వీనివలన పాలు పెరుగునని గట్టి నిదర్శనము లేదని తరువాత వైద్యులు చెప్పిరి గాని, ప్రేమతో పెట్టిన యన్నము తిని యెవ్వరును చెడలేదు. చెఱచినది మాట. ప్రక్కవాకిటి పెద్దమ్మ యొకతె, మమ్ము చూచుచునే మా యమ్మతో, "మనసు బిడ్డమీద ఉంటే పాలు యాడికి పోతాయమ్మా?" అనెను. ఆమె కీడు తలచి యనలేదు. అయినను ఆ మాట మూడు రాత్రులు మమ్ము నిద్రపోనీయలేదు.

అందుకు మఱియొక కారణము కలదు. బాల్యమున మా తండ్రిగారు మాకు ఇంటనే సంస్కృతము చెప్పిరి. కావ్యములతోపాటు సుశ్రుతసంహితలోని శారీరస్థానమును కొంత చదివించిరి. క్రోధముచేతను, శోకముచేతను, వాత్సల్యము లేమిచేతను స్తన్యము నశించునని సుశ్రుతుడు చెప్పినది మాకు గుర్తు. వాత్సల్యము లేమి! చదువుకొనిన వాక్యమే సాక్షియై మాపై నిలిచినట్లయ్యెను. గాజుపెట్టెలోని బిడ్డను తలచి తలచి యేడ్చువారికి వాత్సల్యము లేదా? ఈ ప్రశ్నను ఎవ్వరి నడుగుదుము?

తుదకు వైద్యశాలలోని యొక నర్సమ్మ నడిగితిమి. ఆమె మమ్ము ఓదార్చలేదు. మూడు ప్రశ్నలు వేసినది.

"కాన్పయినాక మొదట ఎప్పుడు పిండినారు?" రెండవనాటి సాయంకాలము. ఎవ్వరును చెప్పలేదు, మేమును అడుగలేదు. బిడ్డ త్రాగజాలనప్పుడు కాన్పైన మొదటి గంటలలోనే, వీలైనచో 6 గంటలలోపల, చేతితోనైనను పిండవలెనట. వచ్చునది కొన్ని చెంచాల ముఱ్ఱుపాలే యైనను, శరీరమునకు అది తొలి పిలుపు.

"రాత్రి ఎన్నిసార్లు తీస్తా ఉండారు?" ఒక్కసారియు లేదు. పథ్యము తిని పది గంటలకు పరుండి, అయిదింటికి లేచుచుంటిమి. బాలింత నిద్రపోవలెనని అందఱును అనిరి. పాలను పుట్టించు ప్రోలాక్టిన్ అను ద్రవము రక్తమున రాత్రివేళనే హెచ్చుగా నుండునట. ఎక్కువసేపు తీయక పాలు నిలిచినచో, ఇక చాలునని రొమ్మే ఉత్పత్తిని తగ్గించుకొనునట.

"పంపు మూత చూపండి." చూపితిమి. ఆ గరాటువంటి మూత మాకు వదులు. లాగవలసినదానిని లాగక చుట్టుప్రక్కల చర్మమును లాగుచుండెను. చిన్నది తెప్పించినది.

తరువాత మాకొక పద్ధతి యేర్పఱచినది. 24 గంటలలో 8 తడవలకు తక్కువ గాకుండ తీయవలెను. అందులో రాత్రి రెండుమాఱులు తప్పరాదు. ముందు గోరువెచ్చని గుడ్డతో కాపవలెను. 15 లేక 20 నిమిషములు యంత్రముతో తీసి, పిమ్మట చేతితో నొక్కి మిగిలినది పిండవలెను. బిడ్డ తుండుగుడ్డను దగ్గఱ నుంచుకొనవలెను. చుక్క రాకున్నను లేవరాదు. "రాలేదని మానుకుంటే అసలుకే రావమ్మా," అని హెచ్చరించినది.

ఆ మాట వినగానే మాకు సువర్ణముఖి తలపునకు వచ్చెను. ఈ రేణిగుంటకు అనతిదూరమున, తిరుచానూరు దాటి కాళహస్తి వైపునకు ప్రవహించు ఆ నదికి పేరు బంగారమే గాని, వేసవిలో కనబడునది ఇసుక. మా చిన్ననాట కాళహస్తిలో అవ్వతో నదికి పోవుచుంటిమి. అవ్వ కూర్చుండి చేతులతో ఇసుక తోడి చెలమ తీసెడిది. మొదట చెమ్మ, పిదప బురదనీరు. దానిని ముంత తో తోడి పాఱబోయవలెను. మఱల తోడవలెను. తోడినకొలది తేటనీ రూరును. తోడక చూచుచు కూర్చున్నచో ఇసుక జాఱి చెలమ పూడిపోవును. "నీళ్లు లేవే అవ్వా," యని మేమన, "తోడితే కదే ఉండేది," యనెడిది. ముప్పదియేండ్ల నాటి యా మాట ఇప్పుడర్థమయ్యెను.

మా యిల్లు స్టేషనుకు దగ్గఱ. రాత్రి ఒంటిగంటకును, నాలుగు గంటలకును లేచుటకు మాకు గడియార మక్కఱలేకపోయెను. ఏదో యొక బండి కూత వేయుచు వచ్చుచునే యుండును. ఏ బండి యే వేదిక మీదికి వచ్చునో చెప్పు గొంతు మూడు భాషలలో వినబడుచుండును. యాత్రికులు నిద్రకన్నులతో మెట్లెక్కుచుండగా, మేము దీపము వెలిగించి పంపు మీటను నొక్కెడివారము. ఈ యూరు రాత్రులు నిదురపోదని అదివఱకు విసుగుకొనెడివారము. అప్పుడు మాత్రము ఊరంతయు మాతో మేలుకొనియున్నట్లు తోచి ధైర్యము కలిగెడిది.

తెల్లవాఱి ప్రయాణము. తీసిన పాలు 25 డిగ్రీల చల్లదనమున 4 గంటలు నిలుచునందురు. మా యూరి వైశాఖమున నీడపట్టునను 40 డిగ్రీలు దాటును. కావున తీసిన వెంటనే సీసాపై వేళను వ్రాసి, శీతలయంత్రమున నుంచి, పిదప ఐసుగడ్డలపెట్టెలో పెట్టి బయలుదేఱవలెను. కుడిప్రక్క కొండలు వెంట వచ్చుచుండును. ఆటోలో మాతో కూర్చున్న వారు కొండకు మ్రొక్కుచుండగా, మేము పెట్టెమూతను నొక్కి పట్టుకొని యుందుము. రెండుమూడు దినములకే ఆటో నడుపు నాతడు మమ్ము గుర్తుపట్టి, "పాలపెట్టె అక్కకు చోటియ్యండి," యని జనమును సర్దెడివాడు.

ఎనిమిదవనాడు నర్సమ్మ బిడ్డను పెట్టెలోనుండి తీసి, మా రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు పడుకొనబెట్టి గుడ్డ కప్పినది. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున వైద్యులు మొదలుపెట్టిన పద్ధతియట ఇది. కంగారూ తన పిల్లను మోయునట్లు తల్లి బిడ్డను మోయుట. గుప్పెడు ప్రాణము. రెండు గంటలు కదలకుండ కూర్చుంటిమి. ఆ పిమ్మట తీసిన పాలు ఒక్కమాఱే 30 మిల్లీలీటర్లు! అప్పుడు సుశ్రుతుడు వేఱొకచోట చెప్పినది స్ఫురించెను: శిశువును తాకుటచేతను, చూచుటచేతను, తలచుటచేతనే యైనను స్తన్యము స్రవించునని. ఆక్సిటోసిన్ అను ద్రవము పాలను వెలికి ద్రోయునని నేటివారు చెప్పునదియు ఇదియే. గాయపఱచిన గ్రంథమందే మందు నుండినది. భయమును దుఃఖమును పాలు దిగుటను అడ్డగించును, నిజమే. అది తల్లిపై మోపవలసిన నేరము గాదు, ఆమె చుట్టునున్నవారు తొలగింపవలసిన బరువు.

అయినను కథ యంతటితో సుఖాంతము గాలేదు. పదియవనాటికి మా పాలు 150కి చేరినవి. బిడ్డ తూకము మాత్రము పెరుగలేదు. కొఱవడినదానిని డబ్బాపాలతో పూరింపవలెనని వైద్యులు నిర్ణయించిరి. మేము వైద్యశాల నడవలో కూర్చుండి ఏడ్చితిమి. నర్సమ్మ వచ్చి, "అమ్మా, బిడ్డ కడుపు నిండేది ముందు. మీ లెక్క తరవాత," అనెను. ఆ మాటతో మా కన్నులు తెఱచుకొన్నవి. మేము లెక్కించుచున్నది బిడ్డ ఆఁకలిని గాదు, మా గౌరవమును.

పురాణములందు తల్లిపాలు లేక పెరిగినవా రెందఱు లేరు! కుమారస్వామికి ఆర్గురు కృత్తికలు పాలిచ్చిరి. తండ్రి ప్రక్కను చీల్చుకొని పుట్టిన మాంధాతకు ఇంద్రుడు తన వ్రేలినే చప్పరింపనిచ్చెను. దేవకి కన్నబిడ్డ యశోద పాలు త్రాగెను. మా యూరిమీదుగా పోవు రైలుమార్గము చేరునట్టి బొంబాయిలో, సయాన్ ఆసుపత్రియందు, 1989లో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ గారు ఆసియాఖండమునకే మొదటిదైన తల్లిపాల నిధిని నెలకొల్పిరి. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి యను పేర అట్టి నిధియే వెలసినది. అధికముగా నున్న తల్లులిచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషములుంచి శుద్ధిచేసి, లేని బిడ్డలకు పోయుదురు. ఇవి కృత్తికల యిండ్లు గాక మఱేమి? అట్టి వసతి దొరకనిచోట వైద్యులు కొలిచి చెప్పిన డబ్బాపాలు బిడ్డకు మందువంటివి. అంగడివాని మాటపై, ప్రకటన చూచి కొనునవి వేఱు. అట్టి ప్రకటనలను మన దేశమున 1992 నాటి చట్టమే నిషేధించినది.

డబ్బాపాలు మొదలైన పిమ్మటయు మేము తోడుట మానలేదు. పదునాలుగవనాటికి 220, ఇరువదవనాటికి 300 దాటినవి. డబ్బా ప్రక్కకు తొలగినది. గొట్టము పోయి ఉగ్గుగిన్నె వచ్చినది. పిదప వాడే రొమ్ము పట్ట నేర్చెను. మాకు నీరూరినది. అందఱికిని ఊరునని చెప్పజాలము. థైరాయిడు లోపముచేతనో, కాన్పునాడు రక్తము మిక్కిలి పోవుటచేతనో, పుట్టుకతోడి నిర్మాణముచేతనో, ఎంత ప్రయత్నించినను పాలు చాలనివారు కలరు. కొన్నిచోట్ల ఇసుక యెంత తోడినను చెమ్మయే మిగులును. తప్పు తోడిన చేతులది గాదు.

ఇరువదినాలుగవ దినమున బిడ్డతో ఇంటికి మఱలితిమి. ఆనాడు ఐసుపెట్టెలో వాని గుడ్డలు మడిచి పెట్టితిమి. అదే ఆటో దొరకినది. ఆతడు మా యొడిలోని మూటను గమనింపక, "ఏమక్కా, ఈ పొద్దు పాలు లేవా?" యని యడిగెను. గుడ్డ తొలగించి వాని ముఖమును చూపి, "అన్నీ వీని కడుపులోనే ఉండాయి నాయనా," అంటిమి. ఆతడు నవ్వి బండిని మెల్లగా పోనిచ్చెను. రేణిగుంటలో దిగి బాడుగ చేతికీయబోగా పుచ్చుకొనలేదు. స్టేషనులో అప్పుడే ఒక బండి వచ్చి నిలిచినది. కూతకు వాడు ఉలికిపడి యేడ్చి, పాలకై మా వైపునకు ముఖము త్రిప్పెను.