అంకణా కుదిరాక అసలు పని

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద నడుస్తూ, కామర్స్ చెప్పి రిటైరైన మాస్టారు నాకు బీకాం మొదటి ఏడాది పాఠం మళ్లీ చెప్పారు. రాయడం మరిచిన ఎంట్రీ, వేరే పార్టీ ఖాతాలో పడ్డ మొత్తం, ఖర్చులో కలిసిపోయిన ఆస్తి, ఒకదాన్నొకటి సరిపెట్టుకునే తప్పులు. ఇవేవీ అంకణాలో, అంటే ట్రయల్ బ్యాలెన్స్‌లో, బయటపడవు. "కంప్యూటరొచ్చి కూడికల తప్పులు పోయాయి గానీ ఇవి పోలేదయ్యా. తార్నాక వెళ్లి చూడు" అన్నారు.

ఆయన పంపిన అకౌంట్స్ ఆఫీసు ఓ లోపలి వీధిలో, మేడ మీద ఉంది. ల్యాబులకు గాజుసామాను సరఫరా చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ లెక్కల్ని అక్కడ టాలీప్రైమ్‌లోకి మారుస్తున్నారు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ దిద్దితే జాడ మిగలదు. కంపెనీల లెక్కల్లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది కాబట్టి మారక తప్పలేదు.

పని చూస్తున్న మేడమ్ పాత లెడ్జర్లన్నీ ఎక్సెల్‌లో దించి, ఏది ఏ గ్రూపులోకి వెళ్లాలో పక్కన రాసుకున్నారు. టాలీ ముందే ఇచ్చే గ్రూపులు 28. పాతదాంట్లో 'జనరల్' అనే ఒక్క పద్దు కిందే కరెంటు బిల్లు, డిపాజిట్, డైరెక్టరు చేబదులు అన్నీ ఉన్నాయి. వోచర్లు తీసి చూస్తే తప్ప ఏది ఏమిటో తేలదు.

తర్వాత టాలీలోకి ఎక్కించాల్సిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరిచి ఒక పంక్తి మీద వేలు పెట్టారు. "టాలీ ఫైల్లో డెబిట్‌కు మైనస్ గుర్తు సర్. పాతదాంట్లో క్రెడిట్‌కు. చూసుకోకుండా ఎక్కిస్తే మనకు బాకీ ఉన్నవాళ్లకు మనమే బాకీ పడతాం. అయినా ట్రయల్ బ్యాలెన్స్ కుదురుతుంది!" గుర్తులన్నీ తారుమారైనా రెండు వైపుల మొత్తాలూ సమానమే మరి. మాస్టారి జాబితాలో లేని తప్పు ఇది. అందుకే ఆమె మొత్తాలతో సరిపెట్టుకోకుండా, ఒక్కో పార్టీ నిల్వను పాత ప్రింటుతో పోల్చి పెన్సిల్‌తో టిక్కు పెడుతున్నారు. డేటా మార్పిడి ఒక్క రాత్రిలో అయిపోవాలనే యజమానులు ఈ కాగితాలు ఒకసారి చూడాలి. వాటిలో ఉన్నవి జనం జీతాలు, పన్నులు, అప్పులు.

నేను బయల్దేరే వేళకు బాకీలను బిల్లులవారీగా విడదీస్తున్నారు. ప్రారంభ నిల్వను ఒకే మొత్తంగా వేస్తే ఏ బిల్లు ఎన్నాళ్లుగా ఆగిందో కొత్త సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పాత కంప్యూటర్‌ను మాత్రం తీసేయరట. కంపెనీల చట్టం ప్రకారం 8 ఆర్థిక సంవత్సరాల లెక్కలు భద్రపరచాలి. పాత కంప్యూటర్ బ్యాకప్ కూడా రెండు హార్డ్‌డిస్కుల్లో తీసి, ఒకటి ఆడిటర్‌కు పంపారు.