పైన కరెంటు పోతే

ఎర్రబోరు (ఛత్తీస్‌గఢ్), 2025 జూన్ 26, గురువారం

మన వ్యోమగామి శుభాంశు శుక్లా ఎక్కిన డ్రాగన్ నౌక సాయంత్రం నాలుగింటికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చేరింది. బడి వదిలినా తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొందరు ఇళ్ళకు పోలేదు. మా వరండాలో సిగ్నల్ అందేది ఒక్క కిటికీ దగ్గరే. ఊచల మధ్య ఫోను ఇరికించి చూశాం. ఆగుతూ సాగుతూ వచ్చిన బొమ్మ సరిగ్గా అసలు ఘట్టంలో నిలిచిపోయింది. మళ్ళీ కదిలేసరికి అక్కడెవరో చప్పట్లు కొడుతున్నారు. మావాళ్ళూ కొట్టారు.

ఈ ప్రయాణం మే నెలాఖరులోనే జరగాల్సింది. రాకెట్‌లో ఆక్సిజన్ లీకు, కేంద్రంలో రష్యా వాళ్ళ భాగంలో ఇంకో లీకు, వాయిదా మీద వాయిదా. పిల్లలకు ప్రయాణం కన్నా ఆ వాయిదాల కథే ఎక్కువ నచ్చింది. "అంత పెద్దోళ్ళకు కూడా లీకులేనా సార్!"

ఈ ఏడన్నా అంతరిక్ష కేంద్రాల చరిత్ర చెప్పాలి. పరీక్షలో రాదు. బోర్డు మీద హిందీలో రాస్తాను, తెలుగులో చెబుతాను. డోర్ల తెగ పిల్లలు వాళ్ళ భాషలో వాళ్ళలో వాళ్ళు మళ్ళీ ఒకసారి చెప్పుకుంటారు. ఆ మూడోసారికే అసలు ప్రశ్నలు పుడతాయి.

జూన్ 30, సోమవారం

మొదటి కేంద్రం సాల్యూట్-1. 1971 ఏప్రిల్ 19న సోవియట్ వాళ్ళు పంపారు. సోయజ్-10లో వెళ్ళినవాళ్ళు తలుపు దాకా పోయి లోపలికి అడుగు పెట్టలేక తిరిగొచ్చారు. తర్వాత సోయజ్-11లో దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ వెళ్ళి మూడు వారాలకు పైగా ఉన్నారు. తిరుగు ప్రయాణంలో, నౌక భాగాలు విడిపోయేటప్పుడు ఒక కవాటం తెరుచుకుని గాలంతా పోయింది. నౌక మాత్రం చక్కగా దిగింది. తలుపు తీసేసరికి ముగ్గురిలో ఒక్కరికీ ప్రాణం లేదు. అది జరిగిందీ జూన్ 30నే.

వాళ్ళు ప్రెషర్ సూట్లు వేసుకోలేదు. ముగ్గురు సూట్లతో కూర్చునే చోటు ఆ గదిలో లేదు. "మరి ఇద్దరినే పంపాల్సింది" అంది వెనక బెంచీ పిల్ల. తర్వాత కొన్నేళ్ళపాటు వాళ్ళు చేసింది అదే: ఇద్దరు మనుషులు, ఒంటి మీద సూట్లు.

జూలై 4, శుక్రవారం

రాకేశ్ శర్మ పేరు అందరికీ తెలుసు. 1984 ఏప్రిల్ 3న బయల్దేరాడనీ, పైన దాదాపు ఎనిమిది రోజులున్నాడనీ పుస్తకంలో ఉంది. ఆయన ఉన్న ఇల్లు తర్వాత ఏమైందో ఏ పుస్తకమూ చెప్పదు. నాకది కోపం.

ఆ ఇల్లు సాల్యూట్-7. 1985 ఫిబ్రవరిలో, లోపల మనుషులెవరూ లేనప్పుడు, భూమితో దాని సంబంధాలు తెగిపోయాయి. దాన్ని బాగుచేయడానికి జూన్‌లో జానిబెకోవ్, సవినీఖ్ బయల్దేరారు. కేంద్రం నుంచి ఏ సంకేతమూ లేదు. దూరం కొలిచే లేజరు పరికరాన్ని చేత్తో పట్టుకుని, కిటికీలోంచి చూస్తూ నౌకను దగ్గరికి నడిపి తగిలించారు. లోపల చీకటి. గోడల మీద మంచు పేరుకుంది, నీళ్ళు గడ్డకట్టాయి. వెచ్చని టోపీలు పెట్టుకుని పని చేశారు.

కారణం చెప్పక ముందే హాస్టల్ కుర్రాడు అడిగాడు: "బ్యాటరీ దిగిపోయిందా సార్?" వాడి ఊళ్ళో సోలార్ దీపాలు. అవునన్నాను. బ్యాటరీ నిండిందో లేదో కనిపెట్టే సెన్సరు చెడి, నిండినట్టే చూపించింది. దాంతో ఛార్జింగ్ ఆగింది. "అయితే పలక నుంచి తీగ సూటిగా బ్యాటరీకి కలిపేస్తే సరి" అన్నాడు. వాళ్ళిద్దరూ చేసింది అచ్చంగా అదే. పలకలు ఎండకు తిరిగేలా నౌకతో కేంద్రాన్ని తిప్పారు కూడా. ఆ కుర్రాడికి ఫిజిక్సులో వచ్చే మార్కులు చూస్తే ఎవరూ నమ్మరు.

జూలై 8, మంగళవారం

తర్వాతి కేంద్రం మీర్ (1986–2001). 1997లో నిప్పంటుకోవడం, సరుకుల నౌక గుద్దుకోవడం రెండు ముక్కల్లో చెప్పి క్రికల్యోవ్ దగ్గర ఆగాను. 1991 మేలో సోవియట్ పౌరుడిగా పైకి వెళ్ళాడు. 1992 మార్చిలో దిగేసరికి ఆ దేశం లేదు. లెనిన్‌గ్రాద్ అతని ఊరు. దాని పేరూ మారిపోయింది.

పిల్లలకు ఇందులో పెద్ద వింత కనబడలేదు. వాళ్ళ తాతలు మధ్యప్రదేశ్‌లో పుట్టి, ఇంట్లోంచి కదలకుండానే ఛత్తీస్‌గఢ్ వాళ్ళయ్యారు. రాష్ట్రం వచ్చింది 2000 నవంబర్ 1న. ఆ మర్నాడే, నవంబర్ 2న, ఇప్పటి కేంద్రంలో మొదటి ముగ్గురు అడుగుపెట్టారు: షెపర్డ్, గిద్జెంకో, మళ్ళీ ఆ క్రికల్యోవే. అప్పటి నుంచి అది ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. ఏటా రాష్ట్రం పుట్టిన పండుగకు, రాజ్యోత్సవానికి, డాన్సులు నేర్చుకునే పిల్లలకు ఈ తేదీ మరిచిపోవడం కష్టం.

తెలుగువాళ్ళెవరైనా వెళ్ళారా అని అడిగితే రాజాచారి పేరు చెప్పాను. తండ్రిది హైదరాబాద్. 2021 నవంబర్ నుంచి 2022 మే దాకా అక్కడున్నాడు.

జూలై 11, శుక్రవారం

అమెరికా వాళ్ళ కేంద్రం స్కైలాబ్ పడింది 1979లో ఈ రోజే. 77 టన్నుల ఇల్లు. 1974 ఫిబ్రవరిలో ఆఖరివాళ్ళు దిగిపోయాక ఖాళీగా తిరిగింది. సూర్యుడి జోరుకు పైగాలి వేడెక్కి ఉబ్బి, దాన్ని అనుకున్నదానికన్నా ముందే కిందికి లాగింది. పైకి నెట్టాల్సిన షటిల్ ఇంకా సిద్ధం కాలేదు.

తెలుగు ఊళ్ళలో ఆ రోజుల్లో లోకం అంతమైపోతుందని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారని మా అమ్మ చెప్పేది. దాని మీద 2021లో సినిమా కూడా వచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను నవ్వించి వదల్లేదు. ఈ ఊళ్ళో 2006 జూలైలో సహాయ శిబిరం మీద మావోయిస్టుల దాడి జరిగింది; భయమంటే ఏమిటో ఈ ఇళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అందుకని లెక్క చేయించాను. స్కైలాబ్ దారి భూమధ్యరేఖకు అటూ ఇటూ 50 డిగ్రీల దాకా. మనం సుమారు 18 దగ్గర. అంటే మన నెత్తి మీదుగా వెళ్ళేదే, భయం ఉత్త పిచ్చి కాదు. కానీ ఆ దారి కింద ఎక్కువ భాగం సముద్రం. చివరికి ముక్కలు ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ వైపు పడ్డాయి. చెత్త పారేసినందుకు అక్కడి పాలకసంఘం నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. "కట్టారా?" అని క్లాసంతా ఒకే గొంతు. నాసా కట్టలేదు.

జూలై 15, మంగళవారం

శుక్లా మధ్యాహ్నం మూడింటికి కాలిఫోర్నియా తీరాన సముద్రంలో దిగాడు. పైన పెసలూ మెంతులూ మొలకెత్తించాడంటే ఆడపిల్లలు ఆసక్తిగా రాసుకున్నారు.

మన సొంత కేంద్రం మొదటి భాగం 2028లో, మొత్తం 2035కు అని ప్రభుత్వం అంటోంది. జనవరి 16న స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ పైన ఒకదానికొకటి అతుక్కున్నాయి. దానికి తొలిమెట్టు అదే. 2035కు ఈ తొమ్మిదో తరగతికి ఇరవైనాలుగేళ్ళు వస్తాయి. అక్కడా సెన్సర్లు చెడతాయి, లీకులు పడతాయి.

వచ్చే ఏడు పాఠం సాల్యూట్-1తో మొదలుపెట్టను. సాల్యూట్-7 మరమ్మతుతోనే మొదలు. తేదీలూ పేర్లూ ఆ తర్వాత.