ఎర్రంచు జీను

తెలుగు పండితునికీ జీను ప్యాంటుకూ ఏమి చుట్టరికమని మిత్రులు నవ్వవచ్చును. ముప్ఫైమూడేండ్లు పంచెకట్టుతో బడికి వెళ్లి ఛందస్సు చెప్పినవాడిని. పదవీ విరమణ తరువాత, అరవై దాటిన వయసులో, జపానువారు పాత మగ్గాల మీద నేసిన బట్టతో కుట్టిన జీన్లు తొడుగుతున్నాను. తొడగడమే కాదు, కూడబెడుతున్నాను కూడాను. ప్రస్తుతానికి నాలుగున్నవి. ఎందుకని అడిగినవారికి విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ టపా.

చుట్టరికం మాటల దగ్గరే మొదలవుతుంది. మన 'నీలం' అరబ్బుల నోట 'అన్నీల్' అయి, పోర్చుగీసువారికి 'అనిల్' అయి, చివరకు రసాయనశాలలో 'అనిలిన్' అయి కూర్చున్నది. 'ఇండిగో' అంటే హిందూ దేశపు సరుకని గ్రీకులు పెట్టిన పేరు. 'డంగరీ' బొంబాయిలోని డోంగ్రీ పేటనుండి పుట్టింది. కడపసీమ నీలిమందు లండను బజారులో 'కర్పా' అనే పేరుతో అమ్ముడుపోయేది. 1897లో జర్మనీ కృత్రిమ నీలిని అంగడిలో పెట్టిన తరువాత మన నీలితొట్లు ఎండిపోయినవి. ఇంత బంధుత్వం ఉండగా జీను నాకు పరాయిది ఎట్లా అవుతుంది?

ఇక రెండవ చుట్టరికం అంచుది. మా తండ్రిగారు చీరాల దగ్గర గుంటమగ్గం మీద పంచెలు నేసేవారు. నాడె పేకనూలును ఒక అంచునుండి మరొక అంచుకు మోసికొని పోయి, తెంచకుండా, వెనుకకు తిరిగి వస్తుంది. అందువల్ల అంచు తనను తానే కట్టుకొంటుంది. నాడె లేని నేటి పెద్ద మగ్గాల మీద పేక ప్రతి వరుసకూ తెగుతుంది; అంచులు కుచ్చులు కుచ్చులుగా మిగులుతవి; వాటిని ఓవర్‌లాక్ కుట్టుతో బంధించవలసిందే. ఇంగ్లీషువాడు తనంత తానే కట్టుకొన్న ఆ అంచును 'సెల్వెజ్' అన్నాడు. జపాను భాషలో దానిని 'మిమి' అంటారు, అనగా చెవి. ఎర్రనూలు వేసిన అంచు 'అకామిమి', ఎర్రచెవి. అమెరికాలో కోన్ మిల్లువారు ఏ గిరాకీదారుకు ఏ బట్టో గుర్తుండడానికి అంచులో రంగునూలు వేసేవారు; లీవైస్‌వారికి ఎరుపు. మా నాయన పంచెకూ ఎర్రంచే. ఈ లెక్కన చేనేత పంచె ప్రతిదీ సెల్వెజ్ బట్టే. ఆ మాట మనకు తెలియలేదు గనుక దానికి ధర పెట్టలేదు.

మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని వద్దకు వెళ్లినప్పుడు, 2019లో, ఒకాయామా మీదుగా కొజిమా తీసుకొని వెళ్లాడు. సెతో లోపలి సముద్రపు ఒడ్డున ఉన్న ఊరది. సముద్రాన్ని పూడ్చి తెచ్చిన ఉప్పునేల, వరి పండదు. అందుచేత పత్తి వేశారు. పత్తి ఉన్నచోటికి నేత వచ్చింది, నేత వెంట కాలిజోళ్ల గుడ్డ, ఆ పైన బడిపిల్లల దుస్తులు, 1965 నుండి జీన్లు. మొదట అమెరికా బట్టనే తెప్పించి కుట్టారు. 1973లో కురబో మిల్లు జపానులోనే డెనిము నేసింది. ఆ పక్క హిరోషిమా సీమలో కైహారా అనే సంస్థ 1893 నుండి కసురి నేసేది. నూలును ముందుగా ముడులు కట్టి రంగులో ముంచి తరువాత నేసే పద్ధతి అది. చీరాల తేలియా రుమాలు చేసే పద్ధతీ అదే కదా! కసురి కట్టేవారు తగ్గిపోగా, 1970లో వారు నూలును తాళ్లుగా పేని నీలిలో ముంచే యంత్రం పెట్టుకొని డెనిములోకి దిగారు. విద్య అదే, సరుకు మారింది.

నీలి గుణం ఒకటి చెప్పవలెను. అది నీటిలో కరగదు. తొట్టిలో దానిని పసుపుపచ్చగా విరగగొట్టి, నూలు ముంచి, పైకి తీసి గాలి చూపిస్తే నీలమవుతుంది. ఇట్లా ఎన్నిమార్లు ముంచినా రంగు నూలుకు పైపైనే పట్టుతుంది, నడుమ తెల్లగానే ఉంటుంది. పైపొర రాపిడికి రాలగా లోపలి తెలుపు బయట పడుతుంది. బట్టలవ్యాపారి దృష్టిలో ఇది లోపం. జీను ప్రియులకు ఇదే సర్వస్వం. పడుగు నీలం, పేక తెలుపు గనుక అరిగినకొద్దీ తొడిగినవాని ఒడలు దానిమీద అచ్చుపడుతుంది. తొడల మీది ముడుతలు 'హిగె', అంటే మీసాలూ గడ్డాలూ. మోకాలి వెనుకవి 'హచినోసు', తేనెపట్టు.

నా మొదటి జీను పధ్నాలుగు ఔన్సులది. పడుగు గంజి వదలలేదు. నేలమీద నిలబెడితే నిలబడింది. గోరువెచ్చని నీటిలో ఒకసారి నానబెట్టి, కుదించుకొన్న తరువాత తొడిగాను. మొదటి నెల మోకాళ్లు వంగడానికి సమ్మతించలేదు. అందరూ దానిని ఆరునెలలు ఉతకకుండా తొడగమంటారు. మా ఇంటి ఇల్లాలు, "ఆ లాగు విప్పి వస్తేగాని వంటింటి గడప తొక్కవద్దండీ" అన్నది. రెండు నెలలకొకసారి తిరగేసి చన్నీళ్లలో జాడించి నీడన ఆరవేయడమని రాజీపడ్డాము. కుర్రవాళ్ల జీన్ల మీద బండి తోలిన ముడుతలుంటవి. నాకు బాసింపట్టు వేసి చదువుకొనే అలవాటు. అందువల్ల నా తేనెపట్టు అడ్డంగా ఏర్పడింది. ఎడమ జేబు మీద కళ్లజోడు పెట్టె ఆకారం తెల్లగా తేలింది. మిగిలిన మూడూ వేరువేరు బరువులవి. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా అరుగుతుంటే పోల్చి చూడడమే నా కూడబెట్టడంలోని రుచి.

కొజిమాలో ఒక చిన్న నేతశాల చూశాను. టొయోడా పేరుగల పాత నాడె మగ్గాలు దడదడలాడుతున్నవి. సకిచి టొయోడా 1924లో స్వయంచాలక మగ్గం పూర్తిచేశాడు. ఆ కుటుంబమే తరువాత కార్లలోకి దిగింది. ఈ మగ్గాలు నెమ్మదివి, బట్ట వెడల్పు గజం కూడా ఉండదు, ఒక ప్యాంటుకు సుమారు మూడు గజాలు కావలెను. అమెరికా ఇటువంటివాటిని వదిలి వెడల్పు మగ్గాలకు మారింది. అక్కడ మిగిలిన వైట్ ఓక్ మిల్లు కూడా 2017 డిసెంబరు 31న మూతపడింది. జపానులో అవి బ్రతికినది పాతవాటి మీది మమకారంచేత మాత్రమే కాదు. 1979లో స్టూడియో దార్తిజాన్, 1991లో ఎవిసు, 1995లో వేర్‌హౌస్ వంటి చిన్న సంస్థలు పుట్టి, ఆ నెమ్మదికి వెల కట్టి, ఆ వెల ఇచ్చేవారిని వెదకి పట్టుకొన్నవి. మంచి జీను ముప్ఫై వేల యెన్లు మామూలు.

ఈ సంగతి ఊరికే జ్ఞాపకం రాలేదు. కిందటి వేసవిలో మా తమ్ముని కొడుకు ఫోను చేశాడు. మా నాయన మగ్గం అతని ఇంట్లోనే ఉన్నది. "పెదనాన్నా, గుంట పూడ్చి ఆ గది అద్దెకిస్తే నెలకు మూడు వేలొస్తాయి. మగ్గం మీద కూర్చుంటే ఏమొస్తుందో నీకు తెలియనిదా?" అన్నాడు. తెలుసును. నేను బి.ఎ. చదవగలిగినది మా నాయన నన్ను ఆ గుంటలో దిగవద్దన్నందువల్లనే. దానిని నిలుపుమని అతనికి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. కొజిమా కథ చెబితే, "అక్కడ కొనేవాడున్నాడు గదా పెదనాన్నా" అన్నాడు. అంతకు మించిన సమాధానం నా దగ్గర లేదు.

అయిదవ జీనుకని దాచిన సొమ్ము పదిహేడు వేలు అతనికి పంపాను. నీలి అద్దిన ముతక నూలు తెప్పించి, పది గజాలు ఏటవాలు గీతల నేత నేయమన్నాను. నాలుగు తొక్కుడు కర్రలు కట్టవలసి వచ్చిందట. మొదటి రెండు గజాల్లో గీత తప్పితే విప్పి మళ్లీ వేశాడట. ఇప్పుడు ఆరు గజాలైంది. దరి ఎంత గట్టిగా వచ్చిందో చూడమని ఫోటో పంపాడు. అంచులో అడగకుండానే ఎర్రనూలు వేశాడు.

రెండవ గిరాకీ దొరకకపోతే సంక్రాంతి తరువాత గుంట పూడుస్తానన్నాడు. అది అతని ఇష్టం, అతని ఇల్లు. మిత్రులలో ఎవరికైనా ముతక నీలిబట్ట కావలసి ఉంటే ఇక్కడ వ్యాఖ్య వ్రాయగలరు. పంచె పన్నా, ఎర్ర అంచు. రంగు దిగుతుంది, దిగడం కోసమే నేసినది.