నీళ్ల గంట మోగినా తాగని పిల్లలు

హోళీ నాడు సంతెకుడ్లూరులో మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. కర్నూలు జిల్లా ఆదోని దగ్గరి ఈ ఊళ్లో అది తరతరాల మొక్కు. పెళ్లి కుదరాలనో, జబ్బు నయం కావాలనో, పంట చేతికి రావాలనో మొక్కుకున్నవాళ్లు నగలు, పూలు పెట్టుకుని, నైవేద్యం పట్టుకుని రతీమన్మథుల గుడికి నడుస్తారు. నేను వెళ్లేసరికి ఒక ఇంటి అరుగు మీద నడివయసు రైతుకు భార్య కుచ్చిళ్లు సర్దుతోంది. పక్కన కూతురు నాయన చెవి వెనక కనకాంబరాలు దోపుతోంది. వీధిలో వందల మంది ఉన్నారు. ఒక్కరూ వేలెత్తి చూపలేదు, ఒక్క కూతా వినపడలేదు.

నన్ను తీసుకెళ్లిన ఉపాధ్యాయుడు ఆ చుట్టుపక్కలే ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తారు. గుడి దగ్గర నిలబడి ఆయన అన్న మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. "ఈ పొద్దు ఎవురూ నగరు సార్. అదే రేపు మా బడిలో ఒక పిల్లోడు చేతులు తిప్పుకుంటా మాట్లాడితే బడంతా నగుతాది."

మొక్కు కోసం ఒక పూట చీర కట్టడం వేరు, ఊహ తెలిసినప్పటి నుంచీ తనను తాను అమ్మాయిగా ఎరిగి ఉండటం వేరు. ఆ రైతు మర్నాడు పంచె కట్టుకుని చేనుకి పోతాడు. ఆ పిల్లోడు మర్నాడు కూడా తనలాగే బడికి రావాలి. రెండింటినీ ఒకటే అనను. కానీ ఆ వీధిలో నేను చూసింది ఒకటుంది: ఊరు తలుచుకుంటే నవ్వకుండా ఉండగలదు. ఊరు చేయగలిగింది బడి చేయలేదంటే నేను నమ్మను.

హోళీ సెలవు తర్వాత ఆయన పనిచేసే బడికి వెళ్లాను. ఉదయం ప్రార్థనలో ఆడపిల్లలు ఒక వరస, మగపిల్లలు ఒక వరస. ఉపాధ్యాయుడు చెప్పిన ఎనిమిదో తరగతి పిల్లవాడు మగపిల్లల వరస చివర, రెండడుగులు ఎడంగా నిలబడ్డాడు. అతనితో నేను మాట్లాడలేదు. బయటివాడు వచ్చి ప్రత్యేకంగా పిలిస్తే తరవాత ఆ పిల్లవాడికి ఇంకో పేరు పెడతారని ఉపాధ్యాయుడు ముందే చెప్పారు. 'తేడా', 'పాయింట్ ఫైవ్', 'ఆడంగి' లాంటి పేర్లు అప్పటికే అతనికి చాలా ఉన్నాయి.

ఎండలు ముదిరాక మన బడుల్లో పిల్లలు గుర్తుపెట్టుకుని నీళ్లు తాగాలని గంట కొడుతున్నారు. గంట మోగగానే తరగతిలో అందరూ సీసాలు ఎత్తారు. అతను మూత తీశాడు, పెదాలు తడుపుకున్నాడు, మూత పెట్టేశాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు సంచి పక్క జేబులో సీసా దాదాపు నిండుగానే ఉంది. మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందని తాగడు. అక్కడ గడియ వేసుకున్నాక తలుపు మీద తంతారు, పైనుంచి తొంగిచూస్తారు. కర్నూలు ఎండలో ఒక పిల్లవాడు దాహాన్ని అణచుకుని లెక్కలు చేస్తున్నాడు. మార్కులు తగ్గితే ఏకాగ్రత లేదంటున్నాం.

ఇలాంటి పిల్లలు బడి మానేస్తే ఏం రాస్తారని అడిగాను. ప్రధానోపాధ్యాయురాలు దాపరికం లేకుండా చెప్పారు: "వలస అని రాస్తాం సార్." ఈ పడమటి మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి అమ్మానాన్నల వెంట పిల్లలూ పోతారు. అంత పెద్ద వలసలో, వెక్కిరింపు తట్టుకోలేక పోయిన పిల్లవాడు ఎవరికీ కనపడడు. కారణం రిజిస్టరుకి ఎక్కకపోతే సమస్య ఉన్నట్టే తెలియదు.

అలా బడి మానేసిన ఒక ట్రాన్స్ మహిళను కడపలో కలిశాను. ఆమె వయసు ఇప్పుడు నలభై దాటింది. టీ ఇచ్చి, ఎదురుగా కూచుని తన చదువు గురించి చెప్పింది. "తొమ్మిదిలో బడి ఇడిసిపెట్టినాన్నా. ఇంట్లోవాళ్లు మాన్పీలే. ఆ నగేదానికే మానుకుంటి." ఆటల పీరియడంటే భయం, మధ్యాహ్నం అన్నం తినే వేళంటే భయం. భయం లేనిది ఒక్క తెలుగు పీరియడే. ఆ అయ్యవారు ఆమెను ముందు బల్ల మీద కూచోబెట్టి పద్యాలు చదివించేవారు. ఆ గొంతు సన్నగా ఉందని ఒకడు వెక్కిరిస్తే, ఆయన పాఠం ఆపి, ఆ మాట తన తరగతిలో మళ్లీ వినపడకూడదని అందరి ముందూ చెప్పారు. మళ్లీ వినపడలేదు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. ఆ సంక్రాంతి సెలవుల తర్వాత ఆమె బడికి పోలేదు.

ఆమె కథలో నాకు ఆశ కనిపించింది కూడా అక్కడే. ఆ అయ్యవారికి చట్టం తెలియదు, శిక్షణ లేదు. అయినా ఆయన తరగతి ఆమెకు భద్రంగా ఉంది. కాకపోతే ఒక మనిషి మంచితనం మీద నిలిచిన భద్రత ఆ మనిషి బదిలీతో పోతుంది. అందుకే అది బడి నియమం కావాలి.

కనపడని పిల్లలు ఇంకా ఉన్నారు. కడపలోనే ఒక లెక్చరరమ్మ చెప్పింది: ఇంటర్ అమ్మాయి మరో అమ్మాయికి రాసిన ప్రేమ ఉత్తరం దొరికితే కాలేజీ చేసిన మొదటి పని తండ్రిని పిలిపించడం. రెండో నెలలో ఆ అమ్మాయికి పెళ్లి అయిపోయింది. స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. దాన్ని 'మార్చే' చికిత్స వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఆ అమ్మాయి చదువు ఆగిపోవడానికి మాత్రం ఒక్క ఫోన్ కాల్ చాలింది.

ఇది రాయలసీమకే ఉన్న జబ్బు కాదు. తమిళనాడులో యునెస్కో చేయించిన అధ్యయనంలో ఇలాంటి యువతలో 60 శాతం మంది బడిలో దెబ్బలు తిన్నామన్నారు. పెద్దలకు ఫిర్యాదు చేసింది 18 శాతమే. మూడో వంతు మంది ఈ వేధింపుల వల్లే చదువు మానేశారు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక 'ఇతరులు'గా నమోదైనవాళ్లు దేశంలో సుమారు 4.88 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. దేశంలో అక్షరాస్యత 74 శాతమైతే వీళ్లలో 46 శాతమే. ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో నేను ఆ నిండు సీసాలో చూశాను.

చట్టం లేక కాదు. 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం, ప్రభుత్వ గుర్తింపున్న ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా చదువు, ఆటపాటలు అందించాలంది. ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలంది. విద్యాహక్కు చట్టం కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ఉపాధ్యాయుల కోసం 2021లో ఎన్‌సీఈఆర్‌టీ మంచి కరదీపిక తయారుచేసింది. అభ్యంతరాలు రాగానే కొద్ది రోజుల్లోనే దాన్ని తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. నేను కలిసిన ఉపాధ్యాయుల్లో ఒక్కరూ దాన్ని చూడలేదు.

ఆదోనిలో, కడపలో ఉపాధ్యాయులతో కూచుని ఏం చేయొచ్చో మాట్లాడుకున్నాం. పెద్ద ఖర్చున్న మాట ఒక్కటీ రాలేదు. నాడు-నేడు పథకం కింద బాగుచేసిన మరుగుదొడ్లలో ఒకదాన్ని, లోపలి గడియ గట్టిగా ఉండేలా చూసి, ఎవరైనా వాడుకునేలా వదలాలి. వరసలు ఎత్తునుబట్టో, రోల్ నంబరునుబట్టో నిలబెట్టాలి. పిల్లల్ని ఎగతాళి పేరుతో పిలిస్తే ఉపాధ్యాయుడు అక్కడికక్కడే ఆపాలి. ముఖ్యంగా, ఆ పేరు తన నోటి నుంచి రాకూడదు. ఒక పిల్ల తన మనసులో మాట చెప్పుకుంటే, ఆ పిల్ల ఒప్పుకోనిదే ఇంటికి చేరవేయకూడదు. దిగులుగా ఉన్న పిల్లలకు 1098, 14416 హెల్ప్‌లైన్ నంబర్లు గోడ మీద కనపడాలి. బడి మానేసిన పిల్లల ఇంటికి వెళ్లి అడిగి, అసలు కారణం రాయాలి.

"ఇవన్నీ మేమెప్పుడైనా చేయొచ్చు గదా సార్, ఎవరి ఆర్డరూ అక్కరలేదు" అన్నారు ప్రధానోపాధ్యాయురాలు. నిజమే. ఆర్డరు వచ్చినా మంచిదే, రావాలి కూడా. కానీ జూన్‌లో బడులు తెరిచేనాటికి తలుపుకి గడియ బిగించడానికి అమరావతి నుంచి కాగితం అక్కరలేదు. ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడు ఈ జూన్‌లో తొమ్మిదికి వస్తాడు. కడపలో ఆమె చదువు ఆగింది తొమ్మిదిలోనే. అతన్ని పదో తరగతి పరీక్ష దాకా తీసుకెళ్లడం ఆ బడి బాధ్యత. ఏ బడిలోనైనా అది ఇలాంటి పిల్లలందరికీ వర్తిస్తుంది.